డోడో పక్షి దేశం – మారిషస్

ప్రపంచ పటం ఉంటే ఒకసారి ముందు పరచుకోండి. విశాఖపట్నం మీద వేలు ఉంచి నైరుతి దిక్కుగా జరుపుకుంటూ పొండి. కేరళ తీరం దాటుతుంది. మాల్దీవులు దాటుతాయి. భూమధ్యరేఖ కూడా దాటుతుంది. ఆ తరువాత చాలా దూరం నీలం రంగు తప్ప ఏమీ కనిపించదు. దాదాపు 5,000 కిలోమీటర్లు పోయాక, మడగాస్కర్‌కు తూర్పుగా ఒక చిన్న చుక్క కనిపిస్తుంది. అదే మారిషస్.

ఈ దీవి పొడవు సుమారు 65 కి.మీ., వెడల్పు సుమారు 45 కి.మీ. వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు. అంటే మన పాత కృష్ణా జిల్లాలో ఐదో వంతు మాత్రమే. ఇంత చిన్న నేల గురించి మనం ఎందుకు తెలుసుకోవాలి?

మూడు కారణాలున్నాయి. మొదటిది – ఈ దీవి పుట్టుకకూ మన దక్కను నల్లరేగడి నేలకూ చుట్టరికం ఉంది. రెండవది – మన గోదావరి, విశాఖ తీరాలనుండి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువారి మునిమనుమలు ఈనాటికీ అక్కడ ఉగాది పండుగ చేసుకుంటున్నారు. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఒక జీవజాతి భూమి మీదినుండి ఎలా మాయమవుతుందో, మాయం కాబోయే జాతిని ఎలా కాపాడవచ్చో – ఈ రెండు పాఠాలనూ మానవుడు ఈ దీవి మీదనే నేర్చుకున్నాడు.

నిప్పులో పుట్టిన నేల

భూమి పైపొర ఒకే చిప్ప కాదనీ, అనేక పలకలుగా విడివడి ఉంటుందనీ, ఆ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ ఉంటాయనీ మీరు భూగోళంలో చదివే ఉంటారు. ఈ పలకల అడుగున కొన్నిచోట్ల లోతులనుండి వేడి పదార్థం పైకి పొంగుతూ ఉంటుంది. అలాంటి చోటును ‘వేడిచోటు’ అందాం.

వెలుగుతున్న కొవ్వొత్తి మీదుగా ఒక కాగితాన్ని మెల్లగా జరిపారనుకోండి. కాగితం మీద వరుసగా మసి మచ్చలు పడతాయి. కొవ్వొత్తి కదలలేదు; కదిలింది కాగితం. భూమి మీద జరిగింది కూడా ఇంచుమించు ఇదే.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట మన దేశపు పలక ఇలాంటి ఒక వేడిచోటు మీదుగా జరిగింది. అప్పుడు భూమి పగుళ్ళనుండి లావా వరదలై పారి, పొరలు పొరలుగా గడ్డకట్టింది. మహారాష్ట్ర అంతటా, మన ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాల్లోనూ కనిపించే దక్కను నల్లరాయి అలా ఏర్పడిందే. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి ఒడ్డున కూడా ఆ కాలపు లావా పొరలున్నాయి. మన పలక ఉత్తరానికి జరిగిపోతుంటే, వేడిచోటు పైన సముద్రంలో వరుసగా అగ్నిపర్వతాలు లేచాయి. లక్షదీవులు, మాల్దీవులు నిలిచి ఉన్నది అలా లేచి మునిగిన అగ్నిపర్వతాల వరుసమీదనే. తరువాత ఆ వేడిచోటు మీదికి ఆఫ్రికా పలక అంచు వచ్చింది. అప్పుడు, అంటే సుమారు 80–90 లక్షల ఏళ్ళ కిందట, మారిషస్ సముద్రంలోనుండి తల ఎత్తింది. దానికి నైరుతిగా 200 కి.మీ. దూరంలో ఉన్న రీయూనియన్ దీవి దానికి చెల్లెలు. అక్కడి అగ్నిపర్వతం ఇప్పటికీ తరచుగా లావా కక్కుతూనే ఉంది. వేడిచోటు ఇప్పుడు అక్కడ ఉన్నదన్నమాట!

మారిషస్ అగ్నిపర్వతాలు మాత్రం ఏనాడో చల్లారాయి. పాత అగ్నిపర్వతపు అంచులు అరిగిపోగా మిగిలిన ముక్కలే నేటి కొండలు. అన్నిటిలో ఎత్తైనది 828 మీటర్ల బ్లాక్ రివర్ శిఖరం. నడుమ పీఠభూమి, చుట్టూ మైదానం. క్యూర్‌పీప్ పట్టణం దగ్గర గిన్నెలాంటి అగ్నిపర్వత బిలం ఇప్పటికీ చెక్కు చెదరక ఉంది. దాని చుట్టూ ఇళ్ళు కట్టుకున్నారు.

తీరం చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బలు గోడలాగా నిలబడి ఉన్నాయి. పెద్ద అలలు ఆ గోడకు తగిలి విరిగిపోతాయి. గోడకూ తీరానికీ మధ్య నీరు చెరువులాగా నిశ్చలంగా, లేత ఆకుపచ్చగా ఉంటుంది.

భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల అక్కడి ఋతువులు మనకు తలకిందులు. మనకు చలి పెట్టే డిసెంబరులో వాళ్ళకు ఎండలు. ఆగ్నేయంనుండి వీచే వ్యాపార పవనాలు పీఠభూమిని తగిలి పైకి లేచి వర్షిస్తాయి. అందుచేత పీఠభూమి మీద ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంటే, కొండల చాటున ఉన్న పడమటి తీరంలో 1,000 మిల్లీమీటర్లు కూడా పడదు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుఫానుల భయం. 1960లో ‘కారల్’ అనే తుఫాను దీవిలో వేలాది ఇళ్ళను నేలమట్టం చేసింది.

నాలుగు కాళ్ళ జంతువు లేని అడవి

సముద్రం నడుమ కొత్తగా లేచిన రాతి ముద్ద మీదికి జీవులు ఎలా చేరాయి? ఎగరగలిగినవి ఎగిరి వచ్చాయి. విత్తనాలు కొన్ని నీటిమీద తేలుతూ, కొన్ని పక్షుల పొట్టలో చేరీ వచ్చాయి. బల్లులు, తాబేళ్ళు కొట్టుకువచ్చే దుంగల వెంట, ప్రవాహాల వెంట వచ్చాయి. కాని పులి, నక్క, కోతి, ఎలుక – ఇవేవీ అంత సముద్రం దాటలేకపోయాయి. మనిషి వచ్చే నాటికి మారిషస్ అడవుల్లో ఉన్న పాలిచ్చే జంతువులు గబ్బిలాలు మాత్రమే.

వేటాడే జంతువే లేని అడవిలో పక్షికి రెక్కలతో ఏం పని? ఎగరడానికి చాలా శక్తి కావాలి. అవసరం లేని చోట దానిని పొదుపు చేసుకున్న పక్షులే బాగా బతికాయి. లక్షల ఏళ్ళలో, తరం తరువాత తరంగా, కొన్ని పక్షుల రెక్కలు చిన్నవయ్యాయి, ఒళ్ళు పెరిగింది. అలా తయారైనదే డోడో.

డోడో అంటే ఏమిటో తెలుసా? అది ఒక పావురం! మీటరుకు కాస్త తక్కువ ఎత్తు, పది కిలోలకు పైగా బరువు, వంకీ తిరిగిన పెద్ద ముక్కు ఉన్న పావురం. దాని ఎముకలలో దొరికిన డి.ఎన్‌.ఎ.ను 2002లో పరీక్షించి, నేడు బతికి ఉన్న పక్షులలో దానికి అతి దగ్గరి బంధువు మన నికోబారు దీవుల పావురమని శాస్త్రజ్ఞులు తేల్చారు.

అరవై నాలుగేళ్ళు

అరబ్బు నావికులకు ఈ దీవి ముందే తెలుసు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారూ చూశారు. కాని ఎవరూ ఇక్కడ కాపురం పెట్టలేదు. 1598లో డచ్చివారి ఓడలు వచ్చి ఆగాయి. వారి రాకుమారుడు మారిస్ పేరనే దీవికి మారిషస్ అని పేరు పెట్టారు. 1638లో స్థిరనివాసం మొదలుపెట్టారు. జావానుండి చెరుకునూ, దుప్పులనూ తెచ్చారు. నల్లని, గట్టి కలపనిచ్చే ఎబొనీ చెట్లను నరికి ఓడలకెత్తారు. బీడీ ఆకులనిచ్చే మన తునికి చెట్టుకు ఈ ఎబొనీ బంధువే.

డోడోకు మనిషంటే భయం తెలియదు. చూసి పారిపోదు. నావికులు దానిని చేతితో పట్టుకునేవారు. అందుకని మనుషులు తినేయడం వల్లనే డోడో అంతరించిందని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. అసలు దెబ్బ వేరొక వైపునుండి వచ్చింది. ఓడలనుండి ఎలుకలు దిగాయి. పందులు, మేకలు, కోతులు దిగాయి. డోడో చెట్టు మీద గూడు కట్టదు. నేలమీదనే గుడ్డు పెడుతుంది. ఆ గుడ్లు ఎలుకలకూ, పందులకూ, కోతులకూ కనిపించే చోటనే ఉండేవి. పెద్ద పక్షులు ఉన్నా పిల్లలు లేని జాతి ఎంతకాలం నిలుస్తుంది?

డోడోను బతికుండగా చూసినట్లు అందరూ నమ్మే చివరి సాక్ష్యం 1662 నాటిది. 1598 నుండి 1662 – అరవై నాలుగేళ్ళు! ఆ తరువాత కూడా కొన్నేళ్ళు అక్కడక్కడ దాగి ఉండి ఉండవచ్చునని పరిశోధకులు అంచనా వేస్తున్నారు. ఏమైనా, లక్షల ఏళ్ళలో తయారైన జాతి ఒక మనిషి ఆయుర్దాయమంత కాలంలో తుడిచిపెట్టుకుపోయింది.

విశేషమేమంటే, డోడోలు మన దేశానికి కూడా వచ్చాయి. 17వ శతాబ్దంలో పీటర్ మండీ అనే ఆంగ్ల యాత్రికుడు సూరత్‌లో రెండు డోడోలను చూసినట్లు రాశాడు. జహంగీరు ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ గీసినదని భావించే ఒక చిత్రం రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. అందులో ఇతర పక్షుల నడుమ ఒక డోడో నిలబడి ఉంది. బతికున్న డోడోను చూసి గీసిన బొమ్మలలో అతి నమ్మదగినది ఇదేనని చాలామంది నిపుణుల అభిప్రాయం.

తరువాత రెండు వందల ఏళ్ళకు, అసలు అలాంటి పక్షి ఉండేదా అని కూడా కొందరు సందేహించారు. 1865లో జార్జి క్లార్క్ అనే బడిపంతులు మేర్ ఓ సాంజ్ అనే బురద మడుగులో మనుషులను దింపి వెతికించాడు. వాళ్ళు నల్లటి నీటిలో నిలబడి, కాళ్ళతో తడుముతూ ఎముకలను వెలికి తీశారు. ఈనాడు మ్యూజియములలో నిలబెట్టిన డోడో అస్థిపంజరాలలో చాలావరకు ఆ మడుగులో దొరికిన ఎముకలతో కూర్చినవే.

చేతులు మారిన దీవి

డచ్చివారు 1710లో దీవిని వదిలి వెళ్ళిపోయారు. 1715లో ఫ్రెంచివారు ఆక్రమించి, ‘ఫ్రాన్సు దీవి’ అని పేరు మార్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన లబూర్దొనే పోర్ట్ లూయీ రేవును అభివృద్ధి చేశాడు. మన చరిత్ర పాఠాల్లో వచ్చే లబూర్దొనే ఇతడే! 1746లో ఇక్కడినుండి నౌకాదళంతో బయలుదేరి మద్రాసును పట్టుకున్నాడు. ఇండియాకు వెళ్ళే దారిలో ఉండటం వల్ల ఈ దీవికి అంత ప్రాముఖ్యం వచ్చింది. 1810లో బ్రిటిషువారు దీనిని గెలుచుకున్నారు. మళ్ళీ మారిషస్ అనే పాత పేరే వచ్చింది. కాని ఫ్రెంచి భాషను, ఆచారాలను, చట్టాలను ఉండనిచ్చారు. అందుకే నేటికీ అక్కడ పార్లమెంటు భాష ఇంగ్లీషు, పత్రికలు ఎక్కువగా ఫ్రెంచి, ఇంట్లోనూ బజారులోనూ మాట్లాడేది క్రియోల్. బానిసలుగా తేబడిన వారికీ ఫ్రెంచి యజమానులకూ మధ్య పుట్టిన భాష అది.

ఆ బానిసల కథ బాధాకరమైనది. ఆఫ్రికానుండి, మడగాస్కర్‌నుండి వారిని బలవంతంగా తెచ్చి చెరుకు తోటల్లో పని చేయించేవారు. పారిపోయిన కొందరు నైరుతి మూలనున్న లె మోర్న్ కొండ మీద దాక్కునేవారు. నిట్టనిలువుగా ఉండే ఆ కొండను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వారి పాటా, ఆటా ‘సెగా’గా నిలిచింది. జల్లెడలా గుండ్రంగా ఉండే ‘రవాన్’ అనే తోలు వాద్యం లయకు పాదాలు నేలనుండి ఎత్తకుండా ఆడే నృత్యం సెగా.

పదహారు మెట్లు

1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. మరి చెరుకు నరికేదెవరు? తోటల యజమానుల చూపు మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడలో కలకత్తానుండి 36 మంది కూలీలు పోర్ట్ లూయీలో దిగారు. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు ఐదు రూపాయల జీతం. ‘అగ్రిమెంటు’ అనే మాట వారి నోట ‘గిర్మిట్’ అయింది. వారు గిర్మిటియాలు అయ్యారు.

తరువాతి ఎనభై ఏళ్ళలో నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఇలా వచ్చారు. బీహారు, ఉత్తరప్రదేశ్ ప్రాంతాలవారు ఎక్కువ. తమిళులు, మరాఠీలు, తెలుగువారు కూడా ఉన్నారు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. తోట వదిలి పోవాలంటే చీటీ ఉండాలి. చీటీ లేకుండా దారిలో దొరికితే జైలు.

వారు ఓడ దిగి మొదట ఎక్కిన రాతి మెట్లు పోర్ట్ లూయీలో ఇప్పటికీ ఉన్నాయి. అవి పదహారు. ఆ చోటుకు నేడు ‘ఆప్రవాసీ ఘాట్’ అని పేరు. 2006లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఏటా నవంబరు 2న దేశమంతా సెలవు ఇచ్చి ఆ కూలీలను తలచుకుంటారు.

1901లో దక్షిణాఫ్రికానుండి స్వదేశానికి వస్తూ గాంధీగారు మారిషస్‌లో కొద్దిరోజులు ఆగారు. దండి యాత్ర మొదలైన మార్చి 12నే మారిషస్ తన స్వాతంత్ర్య దినంగా ఎంచుకుంది. 1968లో స్వతంత్ర దేశమై, 1992లో అదే తేదీన గణతంత్ర రాజ్యమైంది. తొలి ప్రధానమంత్రి శివసాగర్ రామ్‌గులామ్.

మన తెలుగువారు కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవులనుండి వెళ్ళారు. అందుకే అక్కడ వారిని చాలాకాలం ‘కోరంగీలు’ అని పిలిచేవారు. కోరంగి ఈనాడు మడ అడవుల నడుమ చిన్న ఊరు. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 నాటి తుఫాను ఉప్పెన దానిని ముంచివేసింది. ఆ రేవు పేరు సముద్రం అవతల మనుషుల పేరై మిగిలింది! అక్కడి తెలుగువారిలో చాలామంది ఇంట క్రియోల్ మాట్లాడతారు. అయినా సింహాద్రి అప్పన్నకు పూజలు చేస్తారు, రామభజనం పాడతారు. ఉగాది అక్కడ జాతీయ సెలవుదినం. బడులలో తెలుగు నేర్పుతారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి.

శివరాత్రికి వేలాదిమంది కావళ్ళు మోసుకుంటూ కాలినడకన గంగా తలావ్ అనే సరస్సుకు పోతారు. ఆ సరస్సు కూడా పాత అగ్నిపర్వత బిలమే. దేశ జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు. హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు, చైనా సంతతివారు – అందరి పండుగలకూ సెలవులున్నాయి.

ఒక చెట్టు – ఒక ఊహ

మళ్ళీ అడవికి వద్దాం. మారిషస్‌లో తంబలకోక్ అనే చెట్టు ఉంది. దాని పండులోని టెంక రాయిలాగా గట్టిగా ఉంటుంది. 1977లో స్టాన్లీ టెంపుల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక ఆసక్తికరమైన వ్యాసం రాశాడు. “ఈ చెట్లు 13 మాత్రమే మిగిలాయి, అన్నీ మూడు వందల ఏళ్ళవే. డోడో ఈ టెంకను మింగినప్పుడు దాని పొట్టలోని రాళ్ళ రాపిడికి పెంకు పలచబడేది. అప్పుడే మొలక వచ్చేది. డోడో పోయింది, చెట్టు కూడా పోతున్నది” – ఇదీ అతని వాదం. డోడోకు బదులు టర్కీ కోళ్ళచేత 17 టెంకలు మింగించాడు. 7 నలిగిపోయాయి. మిగిలిన పదింటిలో మూడు మొలకెత్తాయి.

ఎంత చక్కని కథ! చాలా పుస్తకాలకు ఎక్కింది. కాని విజ్ఞానశాస్త్రంలో చక్కగా ఉన్నంత మాత్రాన సరిపోదు, నిలవాలి. ఇతర పరిశోధకులు వెతికి చూడగా, ఆ చెట్లు పదమూడు కాదు, వందల సంఖ్యలో ఉన్నాయనీ, వాటిలో మూడు వందల ఏళ్ళకంటె చిన్నవి కూడా ఉన్నాయనీ తేలింది. టెంకకు చుట్టూ సహజంగానే ఒక అతుకు గీత ఉంది. మొలక దానినే చీల్చుకుని బయటికి వస్తుంది. అన్నిటికంటె పెద్ద లోపం – టర్కీ కోళ్ళు మింగని టెంకలను కూడా పక్కన నాటి పోల్చి చూడలేదు. పోల్చకుండా మొలకకు కారణం కోడి పొట్టేనని ఎలా చెప్పగలం? కాబట్టి డోడో, తాబేలు వంటివి ఈ గింజలను దూరాలకు చేరవేసి, గుజ్జు తొలగించి మేలు చేసి ఉండవచ్చు. కాని డోడో లేకపోతే చెట్టే మొలవదన్న మాట నిలవలేదు.

నాలుగు డేగలు

మారిషస్‌లో మాత్రమే ఉండే కెస్ట్రెల్ అనే చిన్న డేగ ఒకటి ఉంది. చెట్ల కొమ్మల నడుమ చురుకుగా తిరుగుతూ బల్లులను పట్టి తింటుంది. చెరుకు తోటలకోసం, తేయాకు తోటలకోసం అడవి తరిగిపోయింది. మలేరియా దోమలను చంపడానికి చల్లిన డి.డి.టి. దాని ఆహారంలో చేరింది. ఎలుకలు, కోతులతో పాటు, ఎలుకలను చంపుతుందని 1900 ప్రాంతంలో తెచ్చి వదిలిన మన ముంగిస కూడా దానికి శత్రువైంది. 1974లో అడవి అంతా గాలిస్తే కనిపించిన డేగలు నాలుగు. వాటిలో గుడ్లు పెడుతున్న ఆడది ఒక్కటే!

ప్రపంచంలో అంతకంటె అరుదైన పక్షి అప్పుడు లేదనే చెప్పాలి. ఇక లాభం లేదని చాలామంది అన్నారు. 1979లో కార్ల్ జోన్స్ అనే యువకుడిని మారిషస్‌కు పంపినది కూడా ఆ పథకాన్ని ముగించి రమ్మనే. అతను ముగించలేదు.

అతని ఉపాయం మన పల్లెల్లో కోళ్ళు పెంచేవారికి తెలిసినదే. గూటిలోని గుడ్లను తీసేస్తే పక్షి మళ్ళీ గుడ్లు పెడుతుంది. డేగ మొదటి గుడ్లను జాగ్రత్తగా తీసి, యంత్రంలో పొదిగించి, పిల్లలను చేతితో మేపి పెంచారు. తల్లి రెండోసారి పెట్టిన గుడ్లను అది స్వయంగా పొదిగింది. ఏడాదికి వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది. అడవిలోని పక్షులకు అదనంగా ఎలుకలను మేతగా పెట్టారు. గూళ్ళకు చెక్క పెట్టెలు అమర్చారు. చుట్టుపక్కల ఎలుకలను, ముంగిసలను పట్టారు. ఇరవై ఏళ్ళలో డేగలు వందల సంఖ్యకు చేరాయి.

ఇదే పద్ధతిలో, 1990 ప్రాంతంలో పది మాత్రమే మిగిలిన గులాబి రంగు పావురం నేడు 400 దాటింది. 1980లలో డజను కూడా లేని ఎకో చిలుక – ఇది మన రామచిలుకకు దగ్గరి చుట్టం – 700 దాటింది.

మరి కథ సుఖాంతమా? తొందరపడకండి. నేటి డేగలన్నీ ఆ కొద్ది పక్షుల సంతానమే కాబట్టి వాటిలో వైవిధ్యం తక్కువ. ఏదైనా జబ్బు వస్తే అన్నిటికీ రావచ్చు. సంఖ్య మళ్ళీ తగ్గడంతో 2014లో వాటిని తిరిగి ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చవలసి వచ్చింది. పక్షిని పెంచవచ్చు, అది ఉండేందుకు అడవి ఏది? దీవిలో తొలినాటి మంచి అడవి నేడు వందకు రెండు పాళ్ళు కూడా లేదు. ఉన్న అడవిలో బయటినుండి తెచ్చిన జామ జాతి మొక్క దట్టంగా అల్లుకుంటున్నది. దానిని చేతులతో పీకి, మళ్ళీ దేశవాళీ మొక్కలను నాటుతున్నారు. 1994లో బ్లాక్ రివర్ లోయల జాతీయ వనం ఏర్పడింది.

ఎగ్రెట్ దీవి అనే చిన్న లంకలో ఇంకొక ప్రయోగం సాగుతున్నది. మారిషస్‌కు చెందిన పెద్ద తాబేళ్ళు ఏనాడో అంతరించాయి. వాటికి బదులు 2000 సంవత్సరంలో అల్దాబ్రా దీవుల తాబేళ్ళను తెచ్చి వదిలారు. అవి ఎబొనీ పండ్లను తిని గింజలను దూరదూరాన విసర్జిస్తున్నాయి. అక్కడ కొత్త ఎబొనీ మొక్కలు లేస్తున్నాయి. పోయిన జీవిని తేలేము కాని, అది చేసిన పనిని మరొక జీవిచేత చేయించవచ్చన్నమాట.

2020 జూలై 25న ‘వకాషియో’ అనే పెద్ద ఓడ ఆ లంకకు దగ్గరలోనే పగడపు దిబ్బ మీదికి ఎక్కింది. ఆగస్టు 6న దాని పొట్ట పగిలి సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలో కలిసింది. అప్పుడు వేలాది ప్రజలు తీరానికి వచ్చారు. ఎండిన చెరుకు ఆకును గుడ్డ సంచులలో కూరి, పొడవాటి తెట్టెలుగా కుట్టి, నీటిమీద తేలవేసి నూనెను ఆపే ప్రయత్నం చేశారు. ఎగ్రెట్ దీవిలోని అరుదైన పక్షులను, బల్లులను, మొక్కలను కొన్నిటిని భద్రమైన చోటుకు తరలించారు. ఒకప్పుడు డోడో గుడ్లను ఎవరూ పట్టించుకోని దీవి అది!

మారిషస్ రాజముద్ర మీద ఒకవైపు డోడో బొమ్మ ఉంటుంది. తిరిగి రాని పక్షి దేశానికి గుర్తుగా నిలవడం వింతే. 2022లో ఆ దేశం తన జాతీయ పక్షిగా ప్రకటించినది మాత్రం కెస్ట్రెల్ డేగను. ఒకటి పోగొట్టుకున్నది, ఒకటి నిలుపుకున్నది. మన బట్టమేక పక్షి, మన కలివికోడి ఈ రెండింటిలో దేని దారిన పోవాలో నిర్ణయించవలసింది ఇక మనమే.

చేసి చూడండి

20 చింతగింజలు తీసుకోండి. పదింటిని ఒక పక్కన ఉప్పుకాగితంతో గీకి, నల్లని పెంకు కింద తెలుపు కనిపించేదాకా అరగదీయండి. మిగిలిన పదింటిని అలాగే ఉంచండి. రెండు కుండీలలో ఒకే మట్టి, ఒకే నీరు, ఒకే ఎండ ఉండేటట్లు చూసి వేరువేరుగా నాటండి. మూడు వారాలపాటు రోజూ ఎన్ని మొలిచాయో రాసి ఉంచండి. గీకని గింజలను కూడా ఎందుకు నాటమన్నామో తంబలకోక్ కథ చదివిన మీకు చెప్పనక్కరలేదు.

ఆలోచించండి

1. ముంగిసను తెచ్చినవారు మంచికే తెచ్చారు. మరి చెడు ఎందుకు జరిగింది?
2. మన ఊళ్ళో ఏటిలంకకూ, సముద్రం నడుమ దీవికీ జంతువుల విషయంలో ఏమి తేడా ఉంటుంది?
3. నాలుగు పక్షులనుండి నాలుగు వందలు వచ్చినా శాస్త్రజ్ఞులు ఎందుకు నిశ్చింతగా లేరు?